జీపు పక్కకి లాగుతోందా? నడుము వంచకుండా జబ్బు తేల్చే చిట్కాలు

పాత మహీంద్రా ఫోర్ వీల్ జీపు ఉన్నవాళ్ళకి ఈ బాధలు కొత్త కాదు. స్టీరింగ్ కాస్త వదిలితే బండి ఎడమ గట్టుకి పోతుంది. వేగం యాభై దాటగానే ముందు చక్రాలు టకటకా కొట్టుకుంటాయి. ముందు టైర్లకి ఒక అంచు గుండయిపోయి, రెండో అంచు కొత్తగా మిగులుతుంది. వెంటనే ఎవరో ఒకరు "కిందికి దూరి చూడు" అంటారు. ఆ మాట వినకండి. ఏ భాగం అరిగిందో చూడ్డం మేస్త్రీ పని. ఆ అరుగుదల ఎవరి నెత్తిన రుద్దాలో చూడ్డం యజమాని పని. ఈ చిట్కాలు యజమానికి. వరసగా పాటిస్తే చొక్కాకి గ్రీజు మరక అంటదు, జేబులోంచి పెద్దనోటు కదలదు, బండి కూడా త్వరలోనే మిమ్మల్ని విసిగించడం మానేస్తుంది.

1. మొదటి తప్పు రోడ్డుదని చెప్పండి.

వాన నీళ్ళు పోవడానికి తారు రోడ్డుని నడుమ ఎత్తుగా, అంచులకి వాలుగా వేస్తారు. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఏ బండైనా కొంచెం ఎడమకి జారుతుంది. ఇది నిజం. నిజమైన సాకు దొరకడం అరుదు, దీన్ని దండిగా వాడుకోండి. "చదునైన చోట రెండు దిక్కులా నడిపి చూడు" అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. మార్కెట్ యార్డుకో హైస్కూలు గ్రౌండుకో తీసుకెళ్ళాక అక్కడ కూడా ఎడమకే లాగిందనుకోండి, రోడ్డు నిర్దోషి అయిపోతుంది. చేతిలో ఉన్న సాకుని డీజిల్ తగలేసి మరీ పోగొట్టుకోకండి. కుడికి లాగితే ఈదురుగాలి పక్కనుంచి కొట్టిందనండి.

బ్రేకు ఒక పక్క పట్టేసి వదలకపోయినా బండి అటే లాగుతుంది. అప్పుడు ఆ పక్క డ్రమ్ము రెండోదానికంటే బాగా వేడెక్కుతుంది. అందుకని బండి దిగగానే చక్రాల దగ్గర చెయ్యి పెట్టి వేడి చూసే అలవాటు మాత్రం చేసుకోకండి.

2. గాలి కాలితో చూడండి.

గేజీ పెడితే ఎడమ టైరులో ఎంతుందో కుడి టైరులో ఎంతుందో అంకెలు వచ్చేస్తాయి. అంకె వచ్చాక వాదించలేం. చెప్పు కాలితో ఒక్క తన్ను తన్ని "బాగానే ఉంది" అనండి. టైరు మెత్తగా అనిపిస్తే ఇంకొంచెం మెల్లగా తన్నండి.

ముందు టైర్లని ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి నడిపే పద్ధతి ఒకటుంది. లాగుడు కూడా వైపు మారితే తప్పు టైరుది. మారకపోతే వేరే చోట వెతకాలి. అరగంటలో తేలిపోయే పరీక్ష ఇది. అరగంటలో తేలిపోతే మిగిలిన రోజంతా రిపేరు చేయించాల్సి వస్తుంది, కాబట్టి దాని జోలికి వెళ్ళకండి.

3. టైరు మీది సాక్ష్యాన్ని వెనక్కి పంపండి.

టైరు చాలా విషయాలు బయటపెడుతుంది. అరచెయ్యి అడ్డంగా రాస్తే ఒక దిక్కున నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు గరుగ్గా తగిలితే టో (చక్రాల ముందు, వెనక అంచుల దూరాల తేడా) తప్పినట్టు. ఒక అంచే అరిగితే క్యాంబర్ (చక్రం పక్కకి వాలే కోణం) పోయినట్టు, దాని వెనక అరిగిన కింగ్ పిన్నో (చక్రం స్టీరింగ్‌తో తిరిగే కీలు) వంగిన హౌసింగో ఉన్నట్టు. అక్కడక్కడా గుంటలు పడితే బేరింగు లూజయిందనో, షాక్ అబ్జార్బర్ చచ్చిందనో, బ్యాలెన్సింగ్ లేదనో అర్థం. బండి దగ్గరికొచ్చిన ప్రతివాడూ ఇదంతా చదివేస్తాడు.

ముందు టైర్లని వెనక్కి, వెనకవాటిని ముందుకి వేయించండి. నేరం మొత్తం వెనక ఇరుసు మీదికి పోతుంది. వెనక ఇరుసు స్టీరింగ్‌తో తిరగదు కాబట్టి చూసినవాడికి ఏమీ అంతుపట్టదు. ముందుకొచ్చిన మంచి టైర్లు కూడా కొన్నాళ్ళకి పాడవుతాయి. అప్పుడు నాలుగూ ఒకే తీరుగా ఉంటాయి, బండి చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది.

4. జాకీని కనపడనివ్వకండి.

అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా ఇది, శ్రద్ధగా చదవండి. ముందు ఇరుసు జబ్బుల్లో చాలావరకు చక్రం నేల మీంచి లేచాకే బయటపడతాయి. లేపనంతకాలం అవి లేనట్టే లెక్క.

చక్రాన్ని లేపి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపితే ఆడిందనుకోండి. అది వీల్ బేరింగైనా కావాలి, కింగ్ పిన్నైనా కావాలి. ఏదో తేల్చడానికి లోపల ఒకర్ని కూర్చోబెట్టి బ్రేకు తొక్కిస్తారు. తొక్కగానే ఊగుడు ఆగితే బేరింగు. ఆగకపోతే కింగ్ పిన్. బేరింగైతే చాలాసార్లు గ్రీజు పెట్టి నట్టు సరిగ్గా బిగిస్తే సరిపోతుంది. కింగ్ పిన్నైతే చక్రం, హబ్బు అన్నీ విప్పాలి, పైనా కిందా బేరింగులు మార్చాలి, షిమ్ములు లెక్కగా పెట్టి బిగింపు చూసుకోవాలి. ఇంత ఖర్చు దాక్కున్న ప్రశ్నని అసలు అడగకపోవడమే పొదుపు.

జాకీ అడిగినవాళ్ళకి చెప్పడానికి రెండు మాటలు సిద్ధంగా ఉంచుకోండి. ఒకటి: "మొన్ననే మా బావమరిది పట్టుకెళ్ళాడు." రెండు: "పొలం షెడ్డులో ఉంది, తాళం పాలేరు దగ్గరుంది." ఒకే మనిషికి రెండూ చెప్పకండి.

జాకీ అక్కర్లేని పరీక్ష ఇంకోటుంది, దానితో మరీ జాగ్రత్త. ఇంజను ఆపి, చక్రాలు నేల మీదే ఉంచి, ఒకరు స్టీరింగ్‌ని ఇటూ అటూ కొద్దికొద్దిగా తిప్పుతుంటే ఇంకొకరు కింద నుంచి చూస్తారు. స్టీరింగ్ బాక్సు, డ్రాగ్ లింక్, పాత విల్లీస్ తరహా బళ్ళలో మధ్యనుండే బెల్ క్రాంక్, టై రాడ్ ఎండ్లు, వీటిలో ఏ కీలు దగ్గర ఒక పక్క కదిలి రెండో పక్క కదలకుండా ఉందో కళ్ళారా కనపడిపోతుంది. రూపాయి ఖర్చు లేదు. అలాంటి పరీక్షకి డబ్బు సాకు పనికిరాదు కాబట్టి మనిషి తోడు లేడనండి. కొడుకు సెలవులకి ఇంటికొచ్చి "నేను తిప్పుతాలే నాన్నా" అన్నాడంటే వాడికి వెంటనే ఏదో బజారు పని పురమాయించండి.

ముందు చక్రం లోపలి వైపు ఇనప గుండు ఒకటి ఉంటుంది. దాని మీద గ్రీజు కారి మట్టి అట్టకడితే సీలు పోయిందంటారు. మీరు "గ్రీజు బాగా పట్టించాం" అనండి. ఆ మట్టిని గోకకండి. ఇప్పుడు ఆ అట్టే సీలు.

5. ఏమీ మార్చకుండా కంప్యూటర్ అలైన్‌మెంట్ చేయించండి.

అరిగిన కీళ్ళు మార్చాకే అలైన్‌మెంట్ చేయించాలని మేస్త్రీలు అంటారు. మీరు ముందు అలైన్‌మెంట్ చేయించండి. విల్లీస్ కాలం నాటి కంపెనీ పుస్తకంలో ఈ తరహా జీపుకి క్యాస్టర్ (కింగ్ పిన్ వెనక్కి వాలే కోణం) 3 డిగ్రీలు, క్యాంబర్ ఒకటిన్నర డిగ్రీ, టో-ఇన్ 3/64 నుంచి 3/32 అంగుళం అని ఉంటుంది. అంటే చక్రాల ముందు అంచుల దూరం వెనక అంచుల దూరం కంటే 1.2 నుంచి 2.4 మిల్లీమీటర్లు తక్కువుండాలి. ముందు ఇరుసు ఒకే గట్టి కడ్డీ కాబట్టి షాపు కుర్రాడు తిప్పగలిగేది టై రాడ్ ఒక్కటే. టో మారుతుంది. క్యాస్టర్ మార్చాలంటే కమాన్ కట్టకీ ఇరుసుకీ మధ్య వాలు ముక్క పెట్టాలి. క్యాంబర్ తప్పిందంటే ఏదో వంగిందో అరిగిందో అయ్యుంటుంది, దానికి మర కూడా ఏమీ చెయ్యలేదు.

కుర్రాడు లూజు టై రాడ్ ఎండ్ల మీదే టో సరిచేసి, తెర మీద పచ్చరంగు చూపించి, కాగితం చేతికిస్తాడు. బండి మొదటి గోతిలో పడగానే టో మళ్ళీ తన ఇష్టం వచ్చిన చోటికి పోతుంది. కాగితం మాత్రం మీ దగ్గరే ఉంటుంది. మీకు కావలసింది ఆ కాగితమే. డాష్‌బోర్డులో పెట్టుకోండి. ఎవరు వేలెత్తి చూపినా "నిన్ననే చేయించాం, ఇదిగో" అని తియ్యండి. తేదీ మీద బొటనవేలు ఉంచి చూపించండి.

ఇంట్లోనే సుద్దముక్కతో టైరు మీద గీత గీసి, టేపుతో ముందూ వెనకా కొలిచి టో చూసుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళతో స్నేహం వద్దు. ఒకసారి ఇంటికొస్తే కొలవకుండా పోరు.

6. వణుకుని మొయ్యగలిగినంత బరువైన సామాను కొనండి.

చక్రాలు కొట్టుకోవడానికి కారణాలు చాలా ఉంటాయి: లూజు కింగ్ పిన్, అరిగిన టై రాడ్ ఎండ్లు, తప్పిన క్యాస్టర్, బ్యాలెన్సింగ్ లేని చక్రం. వీటిని ఒక్కొక్కటే వెతకడం బద్ధకస్తుడికి న్యాయం కాదు. మందపాటి స్టీరింగ్ డ్యాంపర్ ఒకటి బిగించేయండి. వణుకు చేతికి తెలియదు. లోపల అరుగుదల హాయిగా సాగుతుంది.

దాంతో ఆగకండి. స్టీరింగ్ బాక్సు మీద సర్దుబాటు స్క్రూ ఉంటుంది. ప్లే టై రాడ్‌లో ఉన్నా సరే, ఈ స్క్రూనే బిగించండి, ఎందుకంటే ఇది బానెట్ ఎత్తితే నిలబడే అందుతుంది. ఇంకాస్త బిగించండి. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రావడం మానేసిందంటే స్క్రూ పూర్తిగా పట్టినట్టు. "లారీ స్టీరింగ్‌లా గట్టిగా ఉందే" అని బంధువులు మెచ్చుకుంటారు.

బండి ఎత్తుగా కనపడాలంటే ముందు కమాన్ కట్టలకి పొడవాటి షాకిళ్ళు వేయించండి. ముందు వైపు షాకిలున్న జీపుల్లో దీనివల్ల క్యాస్టర్ తగ్గి బండి రోడ్డు మీద తిన్నగా నిలవదు. పెళ్ళి ఊరేగింపులో మాత్రం గొప్పగా ఉంటుంది. క్యాస్టర్ వాలు ముక్కలు పెట్టమని మేస్త్రీ పట్టుబడితే పెట్టించండి. ఏ వైపు మందం ఉండాలో ఆయన్ని చూడనివ్వకుండా టీకి తీసుకెళ్ళి, కుర్రాడి చేత బిగింపించండి.

7. యూ బోల్టులు బిగించకండి.

కమాన్ కట్టల్ని ఇరుసుకి పట్టి ఉంచే ఆ బోల్టులు వదులైతే సెంటర్ బోల్టు తెగి ఇరుసు వెనక్కి జరుగుతుంది. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి రెండు పక్కలా తాడుతో కొలిస్తే తేడా తెలిసిపోతుంది. తాడు కొనకండి. బండి పీతలా ఏటవాలుగా నడుస్తుంటే వెనక వచ్చేవాడికి రెండు బళ్ళున్నట్టు కనిపించి దూరంగా ఉంటాడు.

8. ఫోర్ వీల్ వేసే జబ్బు తేల్చండి.

ఈ జీపుల్లో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే టైరు జారి ఆ తేడా తీరిపోతుంది. తారు మీద తీరదు, అందుకే స్టీరింగ్ బిగుసుకుని బండి కుదుపుతుంది. ఫోర్ వీల్ తీసేస్తే ఆ గొడవ చప్పున పోతుంది. మీరు తియ్యకండి. లివర్ ఎక్కడుందో అక్కడే ఉంచి, "అలైన్‌మెంట్ పోయింది, ఎంత చేయించినా ఇంతే" అని నిట్టూర్చండి. వెనక కొత్త టైర్లు, ముందు అరిగిన టైర్లు వేసి ఉంటే ఫలితం ఇంకా త్వరగా దక్కుతుంది. తిన్నగా పోతున్నా గేర్లు పెనుగులాడుతూనే ఉంటాయి. పాడేరు ఘాట్‌లాంటి మలుపుల రోడ్డు మీద ఒక్క సీజన్ ఇలా నడిపితే ముందు ఇరుసు జాయింట్లు తమ సంగతి తామే తేల్చుకుంటాయి.

9. ఒక్కో మేస్త్రీకి ఒక్కో రోగం చెప్పండి.

ఒకరికి "లాగుతోంది" అనండి. ఇంకొకరికి "కొట్టుకుంటోంది" అనండి. మూడో ఆయనకి "ఏం లేదన్నా, ఊరికే చూపిద్దామని" అనండి. మూడు అభిప్రాయాలొస్తాయి, వాటిలో చవకైనదాన్ని నమ్మండి. అది ఎప్పుడూ గ్రీజే అవుతుంది. పైకి కనపడే గ్రీజు నిపుల్స్‌కి మాత్రం కొట్టించండి. "కింగ్ పిన్ కిట్టు వెయ్యాలి బాబూ, ఇలా తిప్పితే ప్రమాదం" అని పెద్ద మేస్త్రీ అంటే మొహమాటం లేకుండా "సంక్రాంతి వెళ్ళనీ మేస్త్రీ" అనండి. సంక్రాంతి వెళ్ళాక అడిగితే ఉగాది అనండి. ఆయన మీ జీపు చూడగానే షెడ్డు లోపలికి వెళ్ళిపోయే రోజు వస్తుంది. ఇక ఈ ఊళ్ళో మీ బండికి జబ్బుందని చెప్పేవాడు లేనట్టే.

10. చివరి రోజున తొందరపడకండి.

ఇవన్నీ పాటించినవాళ్ళకి ఆ రోజు తప్పకుండా వస్తుంది. ఏదో ఒక మలుపులో టై రాడ్ ఎండ్ గుండు గిన్నెలోంచి ఊడిపోతుంది. ఒక చక్రం స్టీరింగ్ మాట వింటుంది, రెండోది వినదు. బండి పంట బోదెలోకి దిగి ఆగుతుంది. దిగేముందు డాష్‌బోర్డులోని అలైన్‌మెంట్ కాగితం తీసి జేబులో పెట్టుకోండి. జనం మూగగానే రోడ్డు వైపు వేలు చూపించి "ఆ గుంట చూడండి, దేవుడి దయ వల్ల బతికాను" అనండి. గుంట లేకపోతే గేదె అడ్డొచ్చిందనండి. గేదె యజమాని ఎవరని అడిగితే అది పారిపోయిందనండి.

ఇంటికి తెచ్చి ఖర్చు లెక్క కట్టించకండి. అక్కడి నుంచే పాత ఇనప సామానువాడికి ఫోన్ చెయ్యండి. వాడు టో అడగడు, క్యాస్టర్ అడగడు, కిలో లెక్కన తూచి డబ్బిచ్చేస్తాడు. బేరం కుదిరాక, కాటా మీదికి ఎక్కించే ముందు, సీటు కింద గోనెసంచిలో చుట్టి ఉన్న జాకీని మాత్రం తీసి పక్కన పెట్టుకోండి. ఒక్కసారి కూడా వాడలేదు కాబట్టి కొత్తదాని ధరకే అమ్ముడుపోతుంది.