స్థూలపాద శాస్త్రం

అథ స్థూలపాద శాస్త్రం. ఇందులో విచారణీయం కాలు ఒక్కటే. విద్యాపీఠం గడ్చిరోలి జిల్లా సిరోంచ. ప్రాణహిత ఒడ్డున ఇంట్లో మాట తెలుగు, కచేరీలో కాగితం మరాఠీ.

ఆదిగురువు బారపాసారస్ అనే డైనోసార్. గురువుగారి వయసు సుమారు 18 కోట్ల ఏళ్లు. సిరోంచ తాలూకా పోచంపల్లి దగ్గర కలకత్తా పండితులు తవ్వితే ముందుగా దొరికినవాటిలో ఒక తొడ ఎముక ఉంది, పొడవు దాదాపు 170 సెంటీమీటర్లు. దాన్ని చూసి నోరెళ్లబెట్టి ‘పెద్ద కాలు’ అని బెంగాలీలో పేరెట్టేశారు. తవ్వకాలు సాగిన 1961 రవీంద్రుడి శతజయంతి ఏడాది కనుక ఠాగూరు పేరూ తగిలించారు. 1975లో బారసాల శాస్త్రోక్తంగా ముగిసింది. ఎముకలు 300 దాకా దొరికాయి, పళ్లు కొన్ని దొరికాయి, తల మాత్రం దొరకలేదు. ఇదే ప్రథమ సూత్రం: కాలు బలిసినచోట తల వెతకాలి.

ద్వితీయ గురువు పికాసో. 1907లో ఆడవాళ్ల ముఖాలను ముక్కలు చేసి అతికించిన ఈయన 1917లో ఇటలీ వెళ్లి రోమ్, పాంపేయి చూసి వచ్చాడు. 1921 వేసవిలో ‘ఊట దగ్గర ముగ్గురు స్త్రీలు’ వేశాడు. ఆ చేతులూ ఆ పాదాలూ చూస్తే, వాళ్లు బిందె ఏం ఖర్మ, బావినే చంకనెత్తుకుపోయేట్టున్నారు. మరుసటి ఏడు సముద్రపొడ్డున ఇద్దరిని పరుగెత్తించాడు. బొమ్మ అడుగున్నర వెడల్పు కూడా లేదు, తొడలు మాత్రం రథస్తంభాలు. 1924లో దాన్నే పెంచి పారిస్‌లో ఒక బాలేకి తెర కట్టారు.

ఇది ఆయనొక్కడి సరదా అని పూర్వపక్షం. చెల్లదు. ఇటలీ చిత్రకారుడు కిరికో 1919లోనే పాత పనితనానికి మళ్లమని రాశాడు. మరో చిత్రకారుడు సెవెరిని 1921లో, ఆ ముక్కలు చేసే క్యూబిజం విడిచి క్లాసిసిజానికి దారి చూపుతూ పుస్తకమే వేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కాళ్లు తెగి చంకకర్రల మీద తిరిగొచ్చిన సైనికులు వీధివీధినా కనబడే ఖండంలో, గుడ్డ మీదనైనా నిటారుగా నిలబడే మనిషి కావాలనిపించదా? ఇక్కడ శాస్త్రకారుడు కాసేపు వెక్కిరింపు మానుకున్నాడు.

తర్వాత ఈ మోజు ముదిరింది. 1922లో మిలాన్‌లో మొదలైన ‘నొవెచెంతో’ చిత్రకారుల బృందం మరుసటి ఏడాది ప్రదర్శన పెడితే ముసోలినీ వచ్చి ఉపన్యసించాడు. 1932 నాటికి రోమ్ క్రీడాస్థలం చుట్టూ పాలరాతి వస్తాదులు లేచారు. ప్రథమ సూత్రం గుర్తుంది కదా.

పరిశిష్టం మళ్లీ మనదే. గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీకి ఒక కొస తెలంగాణలో, రెండో కొస మహారాష్ట్రలో. 2019లో ప్రారంభమైంది, 2023 అక్టోబరు 21న దాని పియర్లు కుంగాయి. కాలు ఎంత లావైనా కింద నేల సంగతి వేరే చూసుకోవాలన్న ఉపసూత్రం యూరప్ పండితులకు తోచలేదు, గోదావరి ఇసుకే చెప్పాల్సొచ్చింది.

గురువుగారి అస్థిపంజరం ఇప్పుడు కలకత్తాలో, భారతీయ గణాంక సంస్థ మ్యూజియంలో ఉంది. చూద్దామంటే సిరోంచకు రైలు లేదు. కనుక ఏలినవారికి విన్నపం: అసలు ఎముక అడగం, ఆ తొడ ఎముకకు ప్లాస్టర్ అచ్చు తీయించి సిరోంచ బస్టాండులో నిలబెట్టండి. కింద పలక మీద మరాఠీతో పాటు తెలుగులోనూ రాయించండి.