గణపతికి పర్మిషన్, ఫిరంగికి మాఫీ

మా రామంతాపూర్ గల్లీలో వినాయకుణ్ని కూర్చోబెట్టాలంటే ముందు పోలీసులకు దరఖాస్తు పెట్టుకోవాలి. విగ్రహం ఎన్ని అడుగులు, ఎన్ని రోజులు, మైకుందా, నిమజ్జనం చెరువులోనా ట్యాంక్‌బండ్ దగ్గరా, ఏ దారిన పోతారు, బాధ్యులెవరు, వాళ్ల ఫోన్ నంబర్లేవి? విఘ్నాలు తొలగించే దేవుడికే ఇన్ని విఘ్నాలు.

1948 సెప్టెంబర్ 13న ఇదే హైదరాబాద్ మీదికి ట్యాంకులు బయల్దేరినప్పుడు మాత్రం ఇందులో ఒక్క గడి కూడా ఎవరూ నింపలేదు. షోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సేన, బెజవాడ వైపు నుంచి ఇంకో దండు, పైన యుద్ధ విమానాలు. దీనికి పెట్టిన పేరు పోలీసు చర్య! మా పెద్దలు వయసు లెక్కపెట్టుకునేది ఇప్పటికీ దాంతోనే. "పోలీస్ యాక్షన్‌ల నేనింత ఉంటి" అని మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తారు.

కిటుకంతా పేరులోనే ఉంది. యుద్ధమంటే పరాయివాడితో. పోలీసు చర్యంటే ఇంట్లో దొంగను పట్టుకోవడం. నిజాం ఐక్యరాజ్యసమితికి మొరపెట్టుకున్నా ఇది మా ఇంటి గొడవ అనేయొచ్చు. నెహ్రూగారు సెప్టెంబర్ 7న సభలో ప్రకటన చేశారు, ఆరు రోజులకు ట్యాంకులు కదిలాయి. చేతులెత్తమని సభ్యుల్ని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. 17న చేతులెత్తింది నిజామొక్కడే.

రజాకార్ల ఆగడాలు తెలిసినవాళ్లకు ఆ ట్యాంకులు చేదు కాదు, నాకూ కాదు. కానీ పోలీసు కేసన్నాక పంచనామా ఉండాలి కదా, కావాలంటే మా రామంతాపూర్ ఫోరెన్సిక్ ల్యాబు వాళ్లనడగండి. పంచనామా ఉంది కూడా. ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ బృందం ఆ రోజుల్లో, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని అంచనా కట్టి నివేదిక ఇచ్చింది. దాన్ని దశాబ్దాల పాటు బీరువాలోనే జోకొట్టారు. ఏటా సెప్టెంబర్ 17కి ఒకాయన విమోచన అంటాడు, ఒకాయన విలీనం, ఇంకొకాయన ప్రజాపాలన. రోజు పేరు మీద ఇంత కొట్లాట, చర్య పేరు మీద చప్పుడే లేదు.

తర్వాత రాజ్యాంగం వచ్చింది. త్రివిధ దళాల ఆధిపత్యం రాష్ట్రపతిది, ఆయన్ని నడిపించే మాట మంత్రివర్గానిది. సేన కదలాలంటే ముందు సభ ఒప్పుకోవాలన్న వాక్యం వెతికినా దొరకదు. అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే మాత్రం నెల లోపల రెండు సభలూ ఆమోదించాలి. అంటే నిప్పు పెట్టడానికి అనుమతి అక్కర్లేదు, గంట కొట్టడానికి కావాలి. 1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ సంతకం పెట్టారు, వెంటనే మన సేన శ్రీలంకలో దిగింది. దాని పేరు శాంతి పరిరక్షక దళం. ఆ శాంతికి వెయ్యిమందికి పైగా మన జవాన్లు బలయ్యారు.

అమెరికావాళ్లు పాపం చట్టమే రాసుకున్నారు. 1950లో ట్రూమన్ కాంగ్రెస్‌ను అడక్కుండా కొరియాలో దిగి, ఇది యుద్ధమా అంటే, మన పోలీసు చర్య మాటే ఒప్పుకున్నాడు. వియత్నాం చేతులు కాల్చాక, 1973లో, కాంగ్రెస్ అనుమతి లేని పోరాటాలకు 60 రోజుల గడువు పెట్టారు. 2011లో లిబియా మీద దాడులు ఆ గడువు దాటితే, ఇవి అసలు పోరాటాల కిందికే రావని ఒబామా సర్కారు వాదించింది. 2025 జూన్‌లో ఇరాన్ మీద బాంబులు పడ్డాయి. మన వడ్లూరు అల్లుడు, అమెరికా ఉపాధ్యక్షుడు వాన్స్ టీవీలో కూర్చుని, మా యుద్ధం ఇరాన్‌తో కాదు, దాని అణు కార్యక్రమంతో అన్నాడు. అత్తవారి చరిత్ర బాగానే వంటబట్టింది.

మొన్న మా గల్లీ పోరగాళ్లు ఫారం ముందేసుకుని, కార్యక్రమం పేరు దగ్గర గణేశ్ ఉత్సవమా, నవరాత్రులా అని తర్జనభర్జన పడుతున్నారు. అరుగు మీది తాత, అదే మోకాలి లెక్క తాత, కళ్లజోడు సవరించుకున్నాడు.

"పోలీస్ యాక్షన్ అని రాయుండ్రి బిడ్డా. ఎవ్వడడుగుతడు?"