ఎడారిలో డీజే ఎందుకు నాయనా?

మా మనవడూ వాడి స్నేహితులూ మొన్న మాఘ పౌర్ణమికి జైసల్మేర్ ఎడారి ఉత్సవం చూసొచ్చారు. ఏం చూశార్రా అంటే, టెంటులో గీజరుందట, బఫేలో నూడుల్స్ పెట్టారట, సమ్ ఇసుక దిబ్బల మీద అర్ధరాత్రి దాకా డీజే అట. ఆ మాత్రానికి శామీర్‌పేటలో ఏదో ఒక రిసార్టు చాలదూ?

మా రోజుల్లో, అంటే 1980ల్లో, జోధ్‌పూర్ నుంచి మీటర్ గేజ్ రైల్లో రాత్రంతా ప్రయాణం. కిటికీలు ఎంత బిగించినా ఇసుక దూరేది. తెల్లారి లేస్తే కనుబొమల మీద ఇసుక, దుప్పటి మడతల్లో ఇసుక, పులిహోర డబ్బాలోనూ ఇసుకే. ఇప్పుడు విమానంలో దిగొచ్చు. ఆ సుఖాన్ని కాదనను.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనం చెప్పుకునే మాట థార్‌లో చెల్లదు. పొద్దు వాలిందంటే పళ్ళు టకటకలాడతాయి. ఆ చలిలో మంట చుట్టూ మాంగణియార్లు కూర్చునేవారు. మతానికి ముస్లింలు, తరతరాలుగా రాజపుత్రుల ఇళ్ళల్లో పెళ్ళికీ పురుటికీ పాడడం వాళ్ళ వృత్తి. కృష్ణుడి పాటా వాళ్ళ నోటే వినాలి. పెద్దాయన మామిడి చెక్కకు మేకతోలు బిగించిన కమాయిచా మీద కమాను లాగుతుంటే, పక్కన కుర్రాడు ఖర్తాల్ అందుకున్నాడు. చేతికి రెండేసి చెక్కపలకలు, అంతే. తాడు లేదు, మేకు లేదు. వేళ్ళ సందున పట్టుకుని దడదడలాడిస్తున్నాడు. ఆ కిటుకేమిటో చూద్దామని ఎదురుగా చతికిలబడ్డాను, అంతుపట్టలేదు. మనవడి వీడియోలో అదే ఖర్తాల్ కాసేపు కనబడింది, ఆ వెంటనే స్పీకర్ల మోత.

తిండి సంగతీ ఇంతే. కేర్-సాంగ్రీ కూరలో సాంగ్రీ అంటే మన జమ్మి కాయలే. దసరాకు మనం బంగారమని పంచుకునే ఆకు ఆ చెట్టుదే. అక్కడ ఖేజ్డీ అంటారు, రాజస్థాన్‌కూ తెలంగాణకూ అదే రాష్ట్ర వృక్షం. కాయలు ఎండబెట్టి ఏడాదంతా వాడుకుంటారు. సజ్జ రొట్టెలో ఆ కూర నంజుకుని తిన్నాం మేము. మావాడేమో ఎండిపోయిన బీన్స్‌లా ఉందని వదిలేశాడట!

తలపాగాల పోటీ, మీసాల పోటీ, బీఎస్ఎఫ్ ఒంటెల విన్యాసాలు ఇంకా ఉన్నాయి, సంతోషం.

నాకు అసలు కడుపు మండేది కోట గురించి. 1156లో రావల్ జైసల్ పునాది వేసిన కోట అది, ఇప్పటికీ లోపల జనం కాపురముంటున్నారు. గడీసర్ చెరువు నీళ్ళు బిందెలతో మోసుకుని, చుక్క చుక్కా చూసి వాడుకునే బతుకు కోసం కట్టింది. మేమూ అక్కడ అర బకెట్టుతోనే స్నానం కానిచ్చాం. తర్వాత కోటలోకి హోటళ్ళొచ్చాయి, షవర్లొచ్చాయి, ఫ్లష్‌లొచ్చాయి. ఆ నీరంతా పునాదుల్లోకి ఇంకి నేల మెత్తబడింది, కొన్ని బురుజులు కూలాయి కూడా. ఎండకూ ముట్టడికీ తట్టుకున్న గోడలు మన స్నానాలకు కూలడమేమిటండీ!

వెళ్ళేవాళ్ళు వెళ్ళండి, వద్దనను. కోటంతా తిరగండి, బస మాత్రం కింద ఊళ్ళో పెట్టుకోండి. టెంటు బుక్ చేసేటప్పుడే డీజే వద్దు, కమాయిచా కావాలని గట్టిగా చెప్పండి. డబ్బిచ్చేది మీరే కదా, పెట్టక ఏం చేస్తారు?