రిగ్గేశ్వరరావు గారి గాజుపెట్టె

రిగ్గేశ్వరరావు కొత్త కంప్యూటరుకి మూడు ధరలున్నాయి. ఇంట్లో చెప్పింది ఒకటి, ఆఫీసులో చెప్పింది ఒకటి, బిల్లు మీద ఉన్నది ఒకటి. ఇంట్లో చెప్పిన ధరలో గ్రాఫిక్స్ కార్డు లేదు; అది "బోర్డుతో పాటే వచ్చింది". ఆఫీసులో చెప్పిన ధరలో జీఎస్టీ రెండుసార్లు కలిసింది. అసలు బిల్లు మాత్రం మదర్‌బోర్డు ఖాళీ డబ్బాలో అట్టముక్క కింద మడతపెట్టి ఉంది. ఆ డబ్బా అటక మీద ఉంది. వారంటీ అయ్యేదాకా డబ్బాలు పారెయ్యకూడదట. ఆయన శ్రీమతి బ్యాంకులో లోన్ల సెక్షన్ చూస్తుంది. ఎదుటివాడు ఏ కాగితం ఎక్కడ దాచిపెడతాడో ఆవిడకి తెలియనిది కాదు. తెలిసీ ఊరుకుంది. ఆ ఊరుకున్నదానికి వడ్డీ ఎంత పడుతుందో రిగ్గేశ్వరరావుకి ఇంకా లెక్క అందలేదు.

ఇంతకీ ఈయన ఒక్కడు కాదు. కూకట్‌పల్లి నుంచి కాకినాడ దాకా ప్రతి అపార్టుమెంటులోనూ ఒక రిగ్గేశ్వరరావు ఉంటాడు. వయసు నలభైకి అటూ ఇటూ. ఉద్యోగం సాఫ్ట్‌వేరే గానీ ఇన్నాళ్ళూ బతికింది కంపెనీవాడిచ్చిన లాప్‌టాప్ మీద. చిన్నప్పుడు నెట్ సెంటర్లో గంటకింత అని లెక్కకట్టి రోడ్ రాష్ ఆడినవాడు. ఇంటర్లో మంచి మార్కులొస్తే వాళ్ళ నాన్న అసెంబుల్డ్ పెంటియమ్ కొనిపెట్టాడు, అమ్మ దానికి పాత చీరతో కవరు కుట్టింది. "గ్రాఫిక్స్ కార్డెందుకురా, నువ్వు చదువుకోడానికేగా" అని ఆనాడు నాన్న అన్న మాట మనసులో ఓ మూల నిలవుండిపోయింది. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఫ్లాటు ఈఎంఐ సగానికొచ్చింది. కోరిక మాత్రం అక్కడే ఉంది.

కోరిక పుట్టడానికీ కొనడానికీ మధ్య ఉన్న కాలం ఉంది చూశారూ, రిగ్గేశ్వరరావు జీవితంలో అదే స్వర్ణయుగం. 2021లో కార్డులన్నీ క్రిప్టో తవ్వకాలకి పోతున్నాయని ఆగాడు. 2022 సెప్టెంబరులో ఇథీరియం ఆ తవ్వకాల పద్ధతి మానేసింది కదా, ఇక ధరలు దిగుతాయని ఆగాడు. దిగేలోపు అక్టోబరులో 40 సిరీస్ వచ్చింది. కొత్తది వచ్చిందిగా, పాతది తగ్గుతుందని ఆగాడు. పాతది తగ్గాక, తగ్గినదాన్ని కొనడం నామోషీ అనిపించి 50 సిరీస్ దాకా ఆగాడు. ఈ ఆగడానికంతటికీ ఒక ఎక్సెల్ షీటు ఉంది. అందులో పవర్ సప్లై కోసమే ఒక ట్యాబు, ఆ ట్యాబులో రంగులు. కూతురి స్కూలు అడ్మిషనుకి ఆ మనిషి అంత వాకబు చెయ్యలేదు. చివరికి 2025 ఎండాకాలంలో, ఇంకేదీ రాబోవడం లేదని రూఢి చేసుకుని, రైజెన్ 7 9800ఎక్స్3డి ప్రాసెసరు, 16 జీబీల 5070 టీఐ కార్డు ఖాయం చేసుకున్నాడు.

సికింద్రాబాదు పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్. సీటీసీ అంటే చాలు, ఆటోవాడు ఇంకో మాట అడగడు. రిగ్గేశ్వరరావు అక్కడ ఒక చిన్న కొట్టు ముందు నిలబడి, కౌంటరు వెనకాల ఉన్న కుర్రాడికి ప్రాసెసరు గురించి పాఠం చెప్పాడు. "పాతవాటిల్లో ఈ అదనపు క్యాష్‌ని చిప్పు నెత్తిన పెట్టేవాళ్ళమ్మా. ఈసారి కిందకి దించారు. అందుకే వేడి సులువుగా బయటికి పోతుంది. మొత్తం 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్, తెలుసా?"

కుర్రాడు క్యాలిక్యులేటర్ మీంచి తల ఎత్తకుండానే, "క్యాషే ఇస్తరా సార్? కార్డయితే రెండు పర్సెంట్ ఎక్స్‌ట్రా పడతది" అన్నాడు.

వందల కంప్యూటర్లు బిగించిన చేతులవి. "ఐదొందలియ్యుండ్రి సార్, చాయ్ తాగొచ్చేలోపు బిగించిస్త" అని కూడా అన్నాడు పాపం. రిగ్గేశ్వరరావు చిరునవ్వు నవ్వాడు. తన చేత్తో బిగించుకోకపోతే ఇంతకాలం ఆగిందెందుకు?

ఆదివారం పొద్దున్నే భోజనాల బల్ల ఖాళీ చేయించాడు. ఒంట్లో స్టాటిక్ కరెంటు ఉంటుందని, అది చిప్పుని కాల్చేస్తుందని, నిమిషానికోసారి బీరువా హ్యాండిల్ ముట్టుకుని వచ్చాడు. ఏం దాచాడోనని శ్రీమతి బీరువా తెరిచి చూసుకుంది. సాకెట్‌లో 1718 పిన్నులు, జుట్టు కొసలంత సన్నవి, వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కటి వంగినా బోర్డు పని ఆఖరు. ప్రాసెసరుని రెండు వేళ్ళతో దింపి, మూలనున్న బంగారు త్రికోణం కలిసిందో లేదో మూడు వైపుల నుంచీ చూసి, లివరు నొక్కాడు. కిర్రుమంది. ఆగిపోయాడు. వీడియోలో ఆ శబ్దం మామూలేనన్నారు. కళ్ళు మూసుకుని మళ్ళీ నొక్కాడు. పైనున్న నల్ల ప్లాస్టిక్ మూత టప్పున ఎగిరి సాంబారు గిన్నె పక్కన పడింది. అది ఎగరడమే పద్ధతి; కానీ రిగ్గేశ్వరరావు గుండె కూడా దాంతో పాటే ఎగిరి, కాసేపటికి గానీ యథాస్థానానికి రాలేదు.

తర్వాత థర్మల్ పేస్టు. బఠానీ గింజంత పెట్టాలని ఒక శాఖ, అడ్డంగా నిలువుగా గీత గియ్యాలని ఇంకో శాఖ. శైవ వైష్ణవ వాదాలు ఎప్పటికైనా తెగుతాయేమో గానీ ఇది తెగదు. ఈయన రెండు మతాలనీ గౌరవించి, గీత గీసి మధ్యలో బఠానీ పెట్టాడు. మిగిలింది వేలికీ, వేలిది పోచంపల్లి టేబుల్ క్లాతుకీ అంటింది. అది ఉతికితే పోయే మరక కాదు. చివరగా పవర్ బటన్ తాలూకు బుల్లి వైర్లు. వాటిని తగిలించాల్సిన పిన్నులు చీమ తలకాయలంతేసి. ఎంత మొనగాడైనా అక్కడ చతికిలబడతాడు. అవి శ్రీమతి కనుబొమ్మల ప్లకర్‌తో, శ్రీమతి చేతుల మీదుగానే తగులుకున్నాయి. ఈ సంగతి ఆఫీసు కథనంలో రాదు.

స్విచ్చి వేశాడు. ఫ్యాన్లు తిరిగాయి, రంగులు వెలిగాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. బోర్డు మీద మెమరీ దగ్గర పసుప్పచ్చ లైటు. నిజానికి ఈ కొత్త బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని పరిచయం చేసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. మనం ఊరుకుంటే చాలు. ఊరుకోవడం ఈ జాతికి చేతకాదు. ఆయన రెండుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశాడు, వెంకన్నకి నిలువుదోపిడీ మొక్కాడు. మూడోసారి చెయ్యబోతుంటే పిల్ల "నాన్నా, అన్నం" అని పిలిచింది. తినొచ్చేసరికి తెర వెలిగి ఉంది. ఆ మొక్కు ఎందుకు చెల్లాలో ఎవరికి చెల్లాలో ఇప్పటికీ ఇంట్లో చర్చ నడుస్తూనే ఉంది.

"మరి దీంతో ఏం చేస్తావ్?"

ఇంటికొచ్చిన ప్రతివాడూ అడిగే ప్రశ్న ఇది. రిగ్గేశ్వరరావు దీనికి ఎప్పుడూ ఒకే సమాధానం చెబుతాడు: "ఏదైనా చెయ్యొచ్చు." సినిమా ఎడిటింగ్ చెయ్యొచ్చు, త్రీడీ బొమ్మలు చెయ్యొచ్చు, ఇంట్లోనే ఏఐ నడుపుకోవచ్చు. ఏఐ ఒకసారి నడిపాడు కూడా. అత్తగారు వచ్చినప్పుడు, ఇంటర్నెట్ లేకుండానే చారు ఎలా పెట్టాలో చెప్పమని దాన్ని అడిగాడు. ఫ్యాన్లన్నీ హోరెత్తాయి. "ఈ గాలికి చారు చల్లారిపోతుంది నాయనా" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆటలంటారా, పెద్ద ఆట ఒకటి కొని, మొదటి సీనులో వాన పడుతుంటే నేల మీద నీళ్ళలో వీధి దీపాల నీడలు చూసి, ఆపి, సెట్టింగులు పెంచి, మళ్ళీ అదే వాన చూశాడు. హీరో ఇంకా ఆ సందు దాటలేదు.

ఆయన ఆడే అసలు ఆట కొలతలు. సినీబెంచ్ నడిపి స్కోరు ఫోటో తీస్తాడు. త్రీడీమార్క్ నడిపి స్కోరు ఫోటో తీస్తాడు. తెర మూలన ఉష్ణోగ్రత, వాట్లు, ఫ్రేములు పచ్చగా మెరుస్తూ ఉంటాయి. ఆయన చూపు ఆ మూల వదిలి మధ్యకి రాదు. స్కోర్లు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఏలూరు పెద్దనాన్న వెంటనే రెండు చేతులు జోడించి, కింద గులాబీ పువ్వు పెడతాడు. ఆయన శుభోదయానికీ అదే పెడతాడు, పరామర్శకీ అదే పెడతాడు.

ఇంత సత్తా ఉన్న యంత్రానికి నిజమైన పరీక్ష ఒకే ఒక్కసారి ఎదురైంది. తిరుమల మూడువందల దర్శనం టిక్కెట్లు విడుదలయ్యే రోజు. ఉదయం పది గంటలకి కోటా తెరుస్తారు. రిగ్గేశ్వరరావు తొమ్మిదింటికే స్నానం చేసి గాజుపెట్టె ముందు కూర్చున్నాడు. 8 కోర్లు, 16 థ్రెడ్లు, 32 జీబీ ర్యామ్, వైఫై నమ్మరాదని వైరు. పది కొట్టగానే నొక్కాడు. వర్చువల్ క్యూలో వేచి ఉండమని వచ్చింది. స్వామి క్యూలో రైజెనయినా, రైతుబజారు ముందు నిలబడి ఫోను నొక్కేవాడయినా ఒకటే. పోపు వేస్తూ శ్రీమతి, పగిలిన అద్దమున్న ఫోను ఒక చేత్తో నొక్కుతూ, "నలుగురికీ అయిపోయాయండీ" అని కేకేసింది. "మీ ఆధార్ నంబరు నాకు కంఠతా వచ్చులెండి." ఆయన తల ఎత్తలేదు. "నెట్‌వర్క్ లేటెన్సీ" అన్నాడు.

ఎండాకాలం సంగతి చెప్పకపోతే బొమ్మ పూర్తికాదు. మే నెల హైదరాబాదులో గదే కాగుతుంటే పెట్టె చల్లగా ఎలా ఉంటుంది? ఈ ప్రాసెసరు 95 డిగ్రీల దాకా తట్టుకుంటుందని తయారుచేసినవాళ్ళే రాసిచ్చారు. ఈయన ప్రాణం 75కే విలవిల్లాడుతుంది. జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు పెట్టె మీద చెయ్యి పెట్టి, చివరికి ఆ గదికి ఏసీ పెట్టించాడు. పిల్లలకి ముందుగదిలో కూలరే. వెనకటికి కాలేజీ కంప్యూటర్ ల్యాబుల్లో చెప్పులు బయట విప్పించి, మనకి కాకుండా మిషన్లకి ఏసీ వేసేవారు గుర్తుందా? ముప్ఫయ్యేళ్ళు తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చాం. కరెంటు పోతే ఇన్వర్టరు మీద నడపబోయాడు ఒకసారి. అది కుయ్యిమని మూలిగి ఇల్లంతా చీకటి చేసింది. వాచ్‌మన్ పైకొచ్చి, "గ్రైండరేసిండ్రా సార్?" అని అడిగి వెళ్ళాడు.

దసరాకి ఆయుధపూజ. గాజు పలక మీద బొట్టు పెట్టనివ్వనని ఆయన, పెట్టకపోతే పూజేంటని అత్తగారు. బొట్టు పెట్టారు, ఎదురుగా అగరొత్తి వెలిగించారు. పొగ రెండు పాయలుగా సాగి ముందు ఫ్యాన్లలోకి దూరింది, కార్డు కింద నుంచి మెలికలు తిరిగింది, నీలం రంగు లైట్లలో పైకి లేచి, నెత్తిన ఉన్న మూడు ఫ్యాన్ల గుండా బుస్సున వెళ్ళిపోయింది. అందరూ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటుంటే ఈయన ఒక్కడే కళ్ళింతలు చేసుకుని చూస్తున్నాడు. "ఎయిర్‌ఫ్లో పర్ఫెక్ట్" అని గొణిగాడు. అత్తగారు అది మంత్రమనుకుని చేతులు జోడించింది.

ఆ ఏడాది చివర, ఏఐ కంపెనీల పుణ్యమా అని ర్యామ్ ధరలు ఆకాశానికెక్కాయి. రిగ్గేశ్వరరావు మొహం వెలిగిపోయింది. పరుగున వెళ్ళి, "చూశావా, మనం కొన్నదానికి ఇప్పుడెంత పలుకుతోందో! బంగారం కూడా ఇంత పెరగలేదు" అన్నాడు. ఆవిడ లెడ్జరు మొహంతో చూసి, "అయితే అమ్మెయ్యండి" అంది.

సంక్రాంతికి విజయవాడ నుంచి మేనల్లుడు వచ్చాడు. ఏడో తరగతి. అప్పటికి ఎనిమిది నెలలుగా రిగ్గేశ్వరరావు తన 165 హెర్ట్జ్ మానిటరు గురించి వచ్చినవాళ్ళందరికీ ఒకే మాట చెబుతున్నాడు: "దీనికి అలవాటుపడ్డ కళ్ళకి 60 ఇక ఆనదండీ. ఆఫీసు తెర చూస్తే తలనొప్పి వస్తోంది." తలనొప్పికి మాత్రలు కూడా వేసుకుంటున్నాడు. పిల్లాడికీ అదే చెప్పాడు. తెర మూలన ఫ్రేములు రెండువందలు చూపిస్తున్నాయి. పిల్లాడు మౌసు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఆగి, మళ్ళీ తిప్పి, డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్ళాడు.

"మావయ్యా, కార్డు రెండొందలు తీస్తున్నా తెర అరవయ్యే చూపిస్తోంది. నువ్వు విండోస్‌లో మార్చనేలేదు. కొన్నప్పట్నుంచీ 60లోనే ఉంది."

గదిలో ఏసీ శబ్దం ఒక్కటే. గుమ్మం దగ్గర శ్రీమతి, చేతిలో అరిసెల పళ్ళెం. పిల్లాడు 165 నొక్కాడు. రిగ్గేశ్వరరావు మౌసు అందుకుని బాణం గుర్తుని తెర మీద నెమ్మదిగా గుండ్రంగా తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు.

"నాకు మొదట్నుంచీ ఈ మానిటరు మీదే అనుమానంరా," అన్నాడు, ఎక్సెల్ షీటు తెరుస్తూ. "240 తీసుకోవాల్సింది."