చక్రసంజీవని: మాస్తి సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం:

"ఎనభై దాటితే చెయ్యి వణుకుతాదన్నా. నూటపది దాటితే ఏమీ తెలీదు. బ్రేకు తొక్కితే మళ్లా వస్తాది."

అవతారిక. కోలారు జిల్లా, మాలూరు తాలూకా, మాస్తి గ్రామం. కన్నడ చిన్నకథకు పెద్దదిక్కై 1983లో జ్ఞానపీఠం అందుకున్న వెంకటేశ అయ్యంగారి పేరుకు ముందుండే ఊరు ఇదే. బోర్డుల మీద కన్నడం, చాలా ఇళ్లలో తెలుగు. ప్రస్తుత గ్రంథకర్త కూడా ఈ ఊరివాడే, బాడుగ కారు తోలుతాడు. పెళ్లివారిని తిరుపతికి తీసుకెళ్లి, చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు మీదుగా జాతీయ రహదారిలో తిరిగొచ్చి, మర్నాడు పొద్దున మెకానిక్కుకు ఫోను చేసి పై గ్రంథాన్ని వినిపించాడు. అయ్యంగారి కథలకంటే ఇది చిన్నది. దీనికి తాళపత్ర ప్రతి లేదు, కాల్ రికార్డింగు ఉంది.

మెదకు సీమ కొలిచెలమవాడైన మల్లినాథసూరి ఆధారం లేనిదీ అక్కర లేనిదీ రాయనని మాట ఇచ్చి నిలబెట్టుకున్నాడు. అందులో మొదటి సగానికి మేమూ కట్టుబడతాం.

ప్రతిపదార్థం. ఎనభై = గంటకు ఎనభై కిలోమీటర్ల వేగం. గ్రంథకర్త ఈ అంకెతో ఎందుకు మొదలుపెట్టాడు? చిన్న కారు చక్రం ఒక్క చుట్టు తిరిగితే రెండు మీటర్లకు కాస్త తక్కువ దూరం పోతుంది. ఎనభైలో బండి సెకనుకు 22 మీటర్లు పరిగెడుతుంది. అంటే చక్రం సెకనుకు పదకొండు, పన్నెండు చుట్లు తిరుగుతోందన్నమాట. ఆ చక్రంలో ఒక పక్క బరువు ఎక్కువైతే ప్రతి చుట్టుకూ ఒక తన్ను. రిమ్ము అంచున 20 గ్రాములు అదనంగా కూర్చుంటే, వేగం తొంభైకి చేరేసరికి ఆ ఇరవై గ్రాములే రెండు కిలోల పైచిలుకు బలంతో చక్రాన్ని బయటికి లాగుతాయి. వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలు.

ఇక్కడ శంక. లాగుడు వేగంతో పెరిగేదే అయితే "నూటపది దాటితే ఏమీ తెలీదు" అన్న రెండో వాక్యం ఎలా పొసగుతుంది? గ్రంథకర్త పొరబడ్డాడా? బండి నూటపదికి వెళ్లకుండానే గొప్ప కోసం చెప్పాడా? సమాధానం: రెండూ కాదు. ముందు చక్రాలు, వాటిని పట్టుకున్న స్ప్రింగులు, రబ్బరు బుష్షులు, స్టీరింగ్ కడ్డీలు అన్నిటికీ కలిపి సొంత ఊపు ఒకటుంటుంది. ఉయ్యాలను దాని లయలో తోస్తే చిటికెనవేలు చాలు, లయ తప్పించి తోస్తే మోచేయి నొప్పి తప్ప ఊపు రాదు. ఎనభై, వంద మధ్య చక్రపు తన్నులు ఆ లయకు సరిపడ్డాయి. నూటపదిలో సెకనుకు పదహారు చుట్లు, లయ దాటిపోయింది. తన్ను ఉంది, ఇంకా గట్టిగా ఉంది, చేతికి మాత్రం చేరలేదు. కాబట్టి రెండో వాక్యం మొదటిదాన్ని ఖండించడం లేదు, బలపరుస్తోంది. వేగం హద్దుల మధ్య వచ్చి పోయే వణుకు అనగానే బ్యాలెన్సింగును అనుమానించాలి. వణుకు పోయిందని నూటపదిలోనే ఉండిపోవడం వైద్యం కాదు, లోపల బేరింగు ఆ దెబ్బలు తింటూనే ఉంటుంది. పసుపు బోర్డు బండికి ఎనభై దగ్గర స్పీడ్ గవర్నర్ కళ్లెం వేయాలి గదా, నూటపది సంగతి ఈయనకెలా తెలిసిందని అడగడం ఆర్టీవో పని, వ్యాఖ్యాతది కాదు.

దాటితే = మించితే. ఈ చిన్న మాటను విస్మరించినందుకే మొదటి మెకానిక్కు "బండికేమీ లేదు పో" అన్నాడు. అతను బండిని మాస్తి బజారు వీధిలో ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. ఆ వీధిలో గేదెలు, స్కూలు వ్యాన్లు, టమోటా బుట్టల టెంపోలు. నలభై దాటడం దైవాధీనం. ఎనభైలో పుట్టే రోగాన్ని నలభైలో వెతికితే ప్రత్యక్ష ప్రమాణం పనిచేయదు.

చెయ్యి = అరచేయి, స్టీరింగును పట్టినది. గ్రంథమంతటికీ ఇదే గుండెకాయ. వణుకు చేతికి తెలిస్తే అది ముందు చక్రాలది, ఎందుకంటే స్టీరింగుకు ముడిపడ్డవి అవే. వెనుక చక్రాలదైతే సీటులో, కాళ్లకింది ఫ్లోరులో తెలుస్తుంది. ఇక్కడ ఒక పాఠభేదం ఉంది: "నడుము వణుకుతాది." అది వెనుక సీటులో కూర్చున్న పెళ్లిపెద్దది. ఆయన అప్పటికి నాలుగు గంటలుగా కూర్చునే ఉన్నాడు. ఆ వణుకుకు కారులో కారణం వెతకనక్కర్లేదు. స్టీరింగు పట్టినవాడి మాటే ఆప్తవాక్యం.

వణుకుతాది = అటూ ఇటూ త్వరత్వరగా కదులుతుంది. గ్రంథకర్త "లాగుతాది" అనలేదు. అయినా ఈ ప్రాంతపు వ్యాఖ్యాతల్లో నూటికి తొంభైమంది ఇక్కడ "అలైన్‌మెంట్ చేయించు" అని టీక రాస్తారు. అలైన్‌మెంట్ తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, తిన్నగా పోతున్నా స్టీరింగు వంకరగా నిలుస్తుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. వణుకు నేరుగా దానివల్ల రాదు. ఆ అరుగుదల ముదిరి టైరు మిట్టపల్లాలైతే అప్పుడు వస్తుంది, అది మనవడి తరం మాట. అలైన్‌మెంట్ కోణాల సంగతి, బ్యాలెన్సింగ్ బరువు సంగతి. ఒకే షెడ్డులో, ఒకే బోర్డు కింద జరుగుతాయి గనక జనం జంటపదంగా వాడేశారు. బిల్లులో కూడా జంటగానే వస్తాయి.

కేజీఎఫ్ సంప్రదాయపు వ్యాఖ్యాత ఒకరు ఈ వణుకును భూమికి అంటగట్టారు. ఆయనకు కారణం లేకపోలేదు. అక్కడ ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించి లోతు. గనులు నడిచిన రోజుల్లో అడుగున ఒత్తిడికి రాయి పేలితే పైన కాలనీ ఇళ్లు అదిరేవి. అక్కడ పుట్టినవాళ్లకు ఏ అదురైనా నేలలోంచే వస్తుందని అనిపించడం సహజం. కానీ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. పైగా రోడ్డే కారణమైతే రోడ్డు మారినప్పుడు వణుకు మారాలి. ఇది తారు రోడ్డులోనూ కాంక్రీటు రోడ్డులోనూ ఒకే వేగంలో ఒకేలా వచ్చింది. గేరు తగ్గించి అదే వేగంలో నడిపినా మారలేదు, కాబట్టి ఇంజనూ నిర్దోషి. యాక్సిలేటరు నొక్కినప్పుడే వచ్చి, వదలగానే పోయి ఉంటే యాక్సిల్ జాయింట్లను పిలిపించేవాళ్లం. మూలంలో ఆ మాట లేదు.

ఇక నిశ్చయానికి తార్కికులు చెప్పిన అన్వయ వ్యతిరేకాలే దారి. అది ఉంటే ఇది ఉండాలి, అది లేకుంటే ఇది ఉండకూడదు. ముందు చక్రాలు రెండూ విప్పి వెనక్కి, వెనుకవి ముందుకు వేసి మళ్లీ రహదారికెక్కారు. వణుకు చేతిని వదిలి సీటులో చేరింది. జాకీ, వీల్ స్పానర్, ఒక గంట. ఇంతకంటే చవకైన పరీక్ష మోటారు శాస్త్రంలో మరొకటి లేదు, ఏ షెడ్డులోనూ దీన్ని వాళ్లంతట వాళ్లు చేయరు. వణుకు చోటు మారకపోతే తప్పు చక్రంలో లేనట్టే, అప్పుడు హబ్బు, బేరింగు, టైరాడ్ ఎండ్, లోయర్ ఆర్మ్ బుష్షుల్ని ఊపి చూడాలి. చక్రాలు తిరిగి బిగించేటప్పుడు నట్లను వరసగా కాక ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. అసలు అన్నిటికంటే ముందు చూడాల్సింది నట్లే. వదులైన నట్టు మీద టీక రాసేంత వ్యవధి ఉండదు.

చక్రం విప్పి బోర్లా వేస్తే హేతువు బయటపడింది. రిమ్ము లోపలి గిన్నెలో ఒక పక్కగా ఎండి గట్టిపడిన బురద! పెంకులకూ ఇటుకలకూ పేరుపడ్డ మాలూరు మట్టి అది, ఊరికే రాలదు. గ్రంథకర్తను అడిగితే పెళ్లికి ముందు వానలో ఇటుకల బట్టీ దాకా ఒక సేటును దింపి వచ్చిన సంగతి చెప్పాడు. మూలంలో ఈ ముక్క లేకపోవడం వల్లే వ్యాఖ్యానం ఇంత పెరిగింది.

దీని మీద ఉపటీక అవసరం. బురద కడక్కుండా చక్రాన్ని బ్యాలెన్సింగ్ యంత్రం మీద పెట్టారనుకోండి. యంత్రం నిజాయితీపరురాలు, తూకం తప్పినచోటు చూపి ఇన్ని గ్రాములు ఎదురు పెట్టమంటుంది. కుర్రాడు ముక్కలు అతికిస్తాడు. తెరమీద సున్నా. బండి హాయిగా వెళుతుంది. వారానికి బురద రాలిపోతుంది, అతికించిన ముక్కలు మిగిలిపోతాయి. ఇప్పుడు అవే అధిక బరువు. యజమాని వచ్చి "నువ్వు చేసిన పని నిలవలేద"ని తగువు పెట్టుకుంటాడు. ఇద్దరిదీ న్యాయమే. అందుకే ముందు ప్రెషర్ నీళ్లతో లోపలి పక్క కడగాలి, పాత ముక్కలు పీకాలి, తర్వాతే తూకం. కడిగాక కూడా వణికితే రిమ్ము అంచు వంగిందేమో తిప్పి చూడాలి, మన స్పీడ్ బ్రేకర్ల పుణ్యమా అని అది అరుదు కాదు. టైరు ఎక్కడైనా ఉబ్బిందేమో చేత్తో తడమాలి. ఉబ్బితే లోపల ఉక్కుతీగల పొర విడిందన్నమాట, దానికి బ్యాలెన్సింగు పనికిరాదు, కొత్త టైరే. టైరు పక్కగోడ మీద నాలుగంకెల శాసనం ఉంటుంది. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో పుట్టిందని. సెకండ్ హ్యాండు బండ్లు కొనేవాళ్లు ఈ లిపి నేర్చుకుంటే మంచిది.

బ్రేకు తొక్కితే మళ్లా వస్తాది. ఈ "మళ్లా" పండితులను మోసగించింది. పోయిన వణుకే తిరిగొచ్చిందని పూర్వపక్షం. చక్రాలు కడిగి, తూకం సరిచేశాక ఎనభైలో చెయ్యి నిలిచింది, బ్రేకు మీద మాత్రం వణుకు అలాగే ఉంది. కనుక ఇది వేరే రోగమని సిద్ధాంతం. తిరుపతికి పోతూ మొగిలి ఘాటు దిగేటప్పుడు గ్రంథకర్త గేరు తగ్గించకుండా బ్రేకు మీదే బండిని దించి, కింద టీ కొట్టు దగ్గర కాలు బ్రేకు మీదే పెట్టి నిలిపాడు. కాగిన డిస్కుకు ప్యాడ్ మందు ఒకేచోట అంటుకుంది. "డిస్కు వంగింది" అంటారు అందరూ, చాలాసార్లు వంగేదేమీ ఉండదు, మందంలో తేడా వస్తుంది. మిల్లీమీటరులో వందో వంతులు రెండు మూడు ఎక్కువతక్కువైతే చాలు, ప్యాడ్లు ఆ మిట్టను పట్టుకున్నప్పుడల్లా స్టీరింగు కొట్టుకుంటుంది, పెడలూ కాలిని తంతుంది. మందం కంపెనీ హద్దుకు లోబడి ఉంటే లేతులో పల్చగా చెక్కించవచ్చు, తగ్గిపోయి ఉంటే జత మార్చాలి. ఒక్కటే మార్చడం శాస్త్రసమ్మతం కాదు.

అలంకారం: మొదటి రెండు వాక్యాలకు విరోధాభాస. ఛందస్సు: లేదు.

కాల్ రికార్డింగులో చివర ఇంకో వాక్యం వినిపిస్తోంది: "ఏసీ గూడా సల్లగా రాలేదన్నా." పై మూడింటితో దీనికి అన్వయం లేదు, ధోరణి వేరు, గొంతులోనూ బెరుకుంది. ఇది ప్రక్షిప్తమని మా నిర్ణయం. మెకానిక్కు మాత్రం మూలమేనంటున్నాడు, బిల్లులో దానికి వేరే వరస రాశాడు.