డబ్బాలో రెండు రోజులు

మొన్న క్రిస్మస్ సెలవుల్లో మా మనవరాలు హెర్మిట్స్ అనే మసాలా బిస్కెట్లు చేసింది. ఓవెన్‌లోంచి తీసి పది నిమిషాలైనా కాలేదు, ముక్కలు కోసి ప్లేట్లో పెట్టి "అమ్మమ్మా, తిని చెప్పు" అంది. దాల్చినచెక్క తప్ప ఇంకేమీ నాలిక్కి తగల్లేదు. "రెండు రోజులు డబ్బాలో పెట్టవే, అప్పుడు తిందాం" అన్నాను. "రెండు రోజులు ఎవరు ఆగుతారు!" అంది. నా గొడవంతా అక్కడే. ఈ రోజుల్లో ఎవరూ ఆగరు.

నేను అనకాపల్లి నుంచి బోస్టన్ పక్కకి కాపురానికొచ్చింది 1974లో. బెల్లం పెనం మీద పాకం ఉడికే వాసన మధ్య పెరిగినదాన్ని. తొలి చలికాలంలో పక్కింటి పెద్దావిడ ఒక నల్లటి సీసా మూత తీసి నా ముక్కు దగ్గర పెడితే కళ్లలో నీళ్లు తిరిగాయి. మొలాసిస్ అది. చెరకు రసం కాచి పంచదార తీసేశాక మిగిలే నల్లపాకం. మన బెల్లంలో అది కలిసే ఉంటుంది, వీళ్లు విడదీసి సీసాకెత్తుతారు. కరీబియన్ దీవుల నుంచి పీపాలకి పీపాలు ఈ రేవుల్లో దిగేవి. పంచదార ఖరీదుగా ఉన్న కాలంలో న్యూ ఇంగ్లండ్ ఇళ్లలో తీపంటే ఇదే. 1919 జనవరి 15న బోస్టన్ నార్త్ ఎండ్‌లో మొలాసిస్ ట్యాంకు పగిలి 21 మంది పోయారు. అప్పటికి మా పక్కింటావిడకి పద్దెనిమిదేళ్లు. ఆ సంగతి చెప్పేటప్పుడు చేతిలో గరిటె ఆగిపోయేది.

హెర్మిట్స్ చేసేటప్పుడు ఆవిడ పని చూసి తీరాలి. కొలత గిన్నెకి ముందు నూనె రాసేది, పాకం చుక్క అంటకుండా జారాలని. వేడినీళ్లలో కలిపిన వంటసోడా ఆ పాకంలో పొయ్యగానే బుసబుసా నురగ లేచి, నలుపు కాస్తా తేనెరంగుకి తిరిగేది. పాకంలో పులుపుంటుంది, సోడా తగిలితే పొంగుతుంది. లవంగం, జాజికాయ ఏ పూటకా పూట నూరుకోవాలి, శొంఠి చిటికెడు, కిస్మిస్ గుప్పెడు, పొద్దున మిగిలిన కాఫీ రెండు చెంచాలు. పిండిని ట్రేలో రెండు పొడుగాటి దిమ్మలుగా పరిచి, 350 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో పెట్టి, నడిమిభాగం ఇంకా మెత్తగా ఉండగానే తీసేసేది. వేడి మీదే అడ్డంగా కోసి, చల్లారాక రేకుడబ్బాలో సర్ది మూత బిగించేది. మొలాసిస్ చెమ్మని వదలదు. మూడోనాటికి ముక్క ఇంకా మెత్తబడి, లవంగం ఘాటు తగ్గి, మసాలాలన్నీ ఒక్కటయ్యేవి. మా అమ్మ కూడా అరిసెలు మర్నాడుగాని పిల్లల చేతికిచ్చేది కాదు.

ఇప్పుడో? గుమ్మడి మసాలా అని ఒక పొడి దొరుకుతుంది, ఆ సీసా ఎప్పుడు తెరిచారో కూడా గుర్తుండదు, అదే దులిపేస్తారు. మొలాసిస్ జిగురని బ్రౌన్ షుగర్‌తో సరిపెడతారు. అది తెల్ల పంచదారకి కాస్త మొలాసిస్ పట్టించిందే కదా! ఇంకొందరు ఒంటికి మంచిదని బ్లాక్‌స్ట్రాప్ పోస్తారు. మూడోసారి కాచాక మిగిలిన మడ్డి అది, చేదు. బిడ్డలకి మందు తాగించినట్టుంటుంది. ఫోన్లో గంట మోగేదాకా ఓవెన్ వైపు చూసేవాళ్లు లేరు, అంచులు మాడి అట్టలైపోతాయి. పోయిన నెల ఒక బేకరీలో కొన్నాను, పైన వేలెడు మందం ఐసింగ్. దాన్ని గీకి చూస్తే కింద మొలాసిస్ వాసన లేదు.

ఆవిడ పోతూ ఆ రేకుడబ్బా నాకిచ్చింది. నీలం రంగు ఊడిపోయింది గాని మూత ఇప్పటికీ బిగువే. మనవరాలు వెళ్లాక నిన్న రెండు దిమ్మలు చేసి అందులో పెట్టాను. శనివారం తను మళ్లీ వస్తుంది. అప్పటిదాకా మూత తియ్యను.