గెట్‌క్లాస్ గారు

బెంటన్‌విల్‌లో తెలుగువాళ్ళు పదిమంది చేరి పులిహోర కలిపారంటే, ఆ పదిమందిలో ఒకరు గెట్‌క్లాస్ గారై తీరతారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంటుంది. అది పాస్‌పోర్టుకీ పెళ్ళి శుభలేఖకీ పనికొచ్చింది. జావా అనే కంప్యూటర్ భాషలో ఏ వస్తువునైనా పట్టుకుని ‘నీదే క్లాసు?’ అని అడిగే మెథడు పేరు గెట్‌క్లాస్. ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ వస్తువుల్నీ, ప్రోగ్రాము ఆగాక మనుషుల్నీ ఆయన అదే ప్రశ్న అడుగుతారు గనక ఆఫీసు కుర్రాళ్ళు ఆ పేరు ఖాయం చేశారు.

మనిషి యాభైకి కాస్త ఇవతల. వాల్‌మార్ట్ హోమ్ ఆఫీసు ఉన్న ఊరు కాబట్టి కొలువు అందులోనో, అందులోకి సరుకులమ్మే కంపెనీలోనో, ఆ కంపెనీకి మనుషుల్ని పంపే కంపెనీలోనో ఉంటుంది. మెడలో బ్యాడ్జి ఆదివారం గుడికొచ్చినా ఉంటుంది. ఎదుటివాళ్ళ బ్యాడ్జి మాత్రం చదవరు. రాసిపెట్టినదాన్ని నమ్మకపోవడం ఆయన మొదటి సూత్రం.

“డాక్యుమెంటేషన్ అన్నది రాసినవాడి ఆశ నాన్నా. ఉన్నదేమిటో నడుస్తున్న వస్తువునే అడగాలి” అంటారు.

ఈ సూత్రం బోధపడాలంటే ఆయన్ని పాట్‌లక్ బల్ల దగ్గర చూడాలి. బల్ల మీద ఒక డబ్బా. మూత మీద వెనిలా ఐస్‌క్రీమ్ అని ఉంది. పిల్లలు చెంచాలు పుచ్చుకుని పరిగెత్తుకొచ్చారు. గెట్‌క్లాస్ గారు అడ్డంగా చెయ్యి చాపి, “అది డిక్లేర్డ్ టైపు. రన్‌టైమ్ టైపు చూద్దాం ఉండండి” అని మూత తీశారు. లోపల ఆవకాయ. ప్రోగ్రాముల్లోనూ ఇదే వరస. వేరియబుల్ మీద ఒక టైపు రాసి ఉంటుంది, తీరా నడిచే వేళకి అందులో ఆ టైపుకి వారసుడెవడో కూర్చుని ఉంటాడు. ఆవకాయ ఐస్‌క్రీముకి వారసురాలు కాదని కంపైలర్ అభ్యంతరం చెప్పొచ్చు. డబ్బా ఏమీ చెప్పలేదు. ఎవరు కూర్చున్నారో, ఏమేం చేయగలరో ఆ క్షణాన వాళ్ళనే అడిగి తెలుసుకునే ఏర్పాటు పేరు రిఫ్లెక్షన్.

ఆవకాయ పని అయ్యాక మనుషుల వంతు. కొత్తగా ఊళ్ళోకొచ్చిన కుర్రాడు ప్లేటు పట్టుకుని వరసలో నిలబడి ఉంటాడు.

“ఏ ఊరు నాన్నా మనది?”

“హైదరాబాదండీ.”

“హైదరాబాదు అందరిదీనూ. అంతకు ముందు?”

“తెనాలి దగ్గరండీ.”

“తెనాలికి ఎటువైపు? నాన్నగారేం చేసేవారు? ఇంటిపేరేమిటన్నావు?”

కుర్రాడు ఇంటిపేరు ఏమీ అనలేదు. అయినా చెబుతాడు. దీన్ని జావాలో గెట్‌సూపర్‌క్లాస్ అంటారు. తండ్రి క్లాసెవరని అడగడం, ఆ తండ్రికి తండ్రెవరని అడగడం. అలా ఎక్కుతూ పోతే ఏ వంశమైనా చివరికి ఆబ్జెక్ట్ అనే ఒకే మూలపురుషుడి దగ్గర తేలుతుంది. ఆయన తండ్రెవరంటే ‘నల్’ అని జవాబొస్తుంది. అంతటి అద్వైతం కీబోర్డు మీదే ఉన్నా గెట్‌క్లాస్ గారు అంత పైకి వెళ్ళరు, ఇంటిపేరు దగ్గర దిగిపోతారు. అడిగింది ఇంటిపేరు కోసం కాదని అడిగినవారికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. ఇద్దరూ పులిహోర బాగుందనుకుంటారు.

వంశం తేలాక ఆస్తి. ఇక్కడ జావా రెండు జాబితాలిస్తుంది. గెట్‌మెథడ్స్ అంటే పదిమంది ముందూ ఒప్పుకునే పబ్లిక్ మెథడ్లన్నీ, పిత్రార్జితంతో కలిపి. గెట్‌డిక్లేర్డ్‌మెథడ్స్ అంటే స్వార్జితం మాత్రమే, కాకపోతే దాచుకున్న ప్రైవేటువి కూడా బయటపడతాయి. ఆయనకి ఏది ఇష్టమో చెప్పనక్కర్లేదు. “ఇల్లు తీసుకున్నారట? ఎన్ని స్క్వేర్ ఫీట్లు? డౌన్ పేమెంటు మీ స్వార్జితమేనా, మావగారు చెయ్యేశారా?”

తాళం వేసిన గదులంటే ఆయనకి యవ్వనంలో భయముండేది కాదు. జావాలో సెట్‌యాక్సెసిబుల్ అని ఒక్క ముక్క రాసి ‘ట్రూ’ అంటే ఎంతటి ప్రైవేటు ఫీల్డయినా తలుపు తీసేది. రోజులు మారాయి. 2017లో జావా 9 గొణగడం మొదలుపెట్టింది. 2021లో జావా 16 తన సొంత లోపలి గదులకి గడియ పెట్టింది, అదే ఏడు వచ్చిన జావా 17 పాత మినహాయింపునీ పీకేసింది. ఏ గది తెరవాలో ప్రోగ్రాము మొదలుపెట్టేటప్పుడే పేరు పేరునా అర్జీ పెట్టుకోవాలి. మనుషులూ అలాగే మారారు. కొత్త దంపతుల్ని జీతాలడిగితే ఇద్దరూ చిరునవ్వు నవ్వి, “అవి మేం బయట మాట్లాడుకోం అంకుల్” అంటున్నారు. “ఈ తరం పిల్లలంతా జావా 17లే” అని ఆయన నిట్టూర్చారు. ఆ దిగులుతోనే పైథాన్ భాష నేర్చుకున్నారు. అందులో ప్రైవేటన్నది మర్యాదే గాని తాళం కాదు. పేరు ముందు ఒక అండర్‌స్కోర్ ఉంటే ‘దయచేసి ముట్టుకోకండి’ అని మనవి. రెండుంటే పేరుకి ముందు క్లాసు పేరు అతికించి కాస్త మారువేషం వేస్తుంది, అంతే. డిర్ అని అడిగితే లోపలున్నవన్నీ వరసగా వచ్చి నిలబడతాయి. అలాంటి ఊరు ఒకటుంటే అక్కడే రిటైరవుతానంటారు.

రిఫ్లెక్షన్ వంశవృక్షం కూడా అడక్కుండానే వల్లిస్తారు. 1970లలో జిరాక్స్ పార్క్‌లో అలన్ కే బృందం స్మాల్‌టాక్ భాష తయారు చేసింది, అందులో క్లాసు కూడా ఒక వస్తువే. 1982లో బ్రయన్ కాంట్‌వెల్ స్మిత్ ఎంఐటీలో ప్రోగ్రాము తనను తాను చూసుకోవడం మీదే పీహెచ్‌డీ చేశాడు. 1997లో జావా 1.1తో ఆ విద్య మన ఇళ్ళలోకి, అంటే మన జీతాల్లోకి వచ్చింది. మూడో గరిటె పెరుగన్నం మధ్యలో కుర్రాడెవడైనా ధైర్యం చేసి, “మరి క్లాస్ అనే క్లాసుకి క్లాసేంటండీ?” అని అడుగుతాడు. “క్లాసే. తనకి తానే చుట్టం” అంటారాయన, మజ్జిగ అందుకుంటూ.

ఆయనకి వస్తువులంటే మనుషులకంటే గౌరవం. జావాలో గెట్‌క్లాస్‌ని ఏ వారసుడూ తిరగరాయడానికి వీల్లేదు, కాబట్టి క్లాసు విషయంలో వస్తువు అబద్ధమాడలేదు. రెజ్యూమేకి అలాంటి నిబంధన లేదు. ఒక్కోసారి వస్తువుని అడిగితే ‘డాలర్ ప్రాక్సీ 47’ లాంటి జవాబొస్తుంది. అసలువాడు వెనక కూర్చుని, వచ్చిన పిలుపులన్నీ అందుకోవడానికి ముందు ఇంకొకణ్ణి నిలబెట్టాడన్నమాట. కుర్రాళ్ళు కంగారుపడతారు. “ఫోన్ ఇంటర్వ్యూల కాలం చూసినవాణ్ణిరా, డాలర్లూ ప్రాక్సీలూ నాకు కొత్తా?” అని ఆయన లోపలివాణ్ణి చెవి పట్టుకుని బయటికి లాగుతారు.

ఇదంతా ఈ ఊరి స్థలమహాత్మ్యమని ఆయన వాదన. 1950లో ఇక్కడి చౌరస్తాలో చిన్న దుకాణం పెట్టిన శామ్ వాల్టన్, 1962లో పక్కనున్న రోజర్స్‌లో మొదటి వాల్‌మార్ట్ తెరిచాక కూడా కుర్చీలో కూర్చుని నివేదికలు నమ్మలేదు. చిన్న విమానం తానే నడుపుకుంటూ వెళ్ళి తన దుకాణాల్లో దిగేవాడు. పోటీవాళ్ళ దుకాణాల్లోనూ తిరిగి ధరలు రాసుకొచ్చేవాడు. “చూశావా, రన్‌టైమ్ ఇన్‌స్పెక్షన్! ఆయన నాలా అడిగినందుకే ఈ ఊరు ఇంతైంది” అంటారు. శామ్ వాల్టన్ విన్నదాన్ని అమ్మకాల్లో పెట్టాడు, ఈయన వాట్సాప్‌లో పెడతారు. అంతవరకే తేడా.

పరిశీలనే గాని అనుభవించడం ఆయన ఒంట లేదు. ప్రపంచ మౌంటెన్ బైకింగ్ రాజధానినని ఊరు చెప్పుకుంటుంది. ప్రతి సైకిలు గేరూ సస్పెన్షనూ ఆయనకి కంఠస్థం, ఎక్కిన పాపాన పోలేదు. ఇండియా నుంచి చుట్టాలొస్తే శామ్ కూతురు ఆలిస్ వాల్టన్ పూనికతో 2011లో తెరిచిన క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియానికి తీసుకెళతారు. టికెట్టు లేదు గదా. అక్కడ ఆరుబయట లూయీ బూర్జువా చేసిన మామన్ అనే సాలీడు, దాదాపు 30 అడుగుల ఎత్తున నిలబడి ఉంటుంది. చుట్టాలు నోరు తెరుచుకుని చూస్తుంటే ఈయన దాని కిందికి దూరి, మెడ వెనక్కి వాల్చి, పైకి చూస్తారు. “ఎలా ఉందన్నయ్యా?” అని చెల్లెలు అడిగితే, “కంచు. ఎనిమిది కాళ్ళు. పొట్టలో పాలరాతి గుడ్లున్నాయి, అది ప్రైవేటు ఫీల్డు” అని జవాబు.

ఇన్ని చెప్పాక ఇదీ చెప్పాలి. థాంక్స్‌గివింగ్ అమ్మకాల ముందు ఒక అర్ధరాత్రి, ఒకానొక ఆఫీసులో ప్రోగ్రాము కూలింది. పిలిచిన మెథడు లేనే లేదని రొద. కోడులో ఉంది, డాక్యుమెంటులో ఉంది, కుర్రాడి లాప్‌టాప్‌లో భేషుగ్గా నడుస్తోంది. కాల్లో చేరిన మేనేజర్లు ఒకరి తర్వాత ఒకరు ‘అప్‌డేట్ ఏంటి’ అంటున్నారు. గెట్‌క్లాస్ గారు ఆవులించి ఒక్క మాటన్నారు: “ఆ క్లాసుది ఏ ఊరో అడిగారా?”

నువ్వు ఏ జార్ ఫైలులోంచి, అంటే ఏ క్లాసుల మూటలోంచి లోడయ్యావని నడుస్తున్న క్లాసునే అడిగే లైనొకటి రాయించారు. గుట్టు బయటపడింది. అదే పేరుతో రెండు క్లాసులు రెండు జార్లలో ఉన్నాయి. వెతికే దారిలో పాత వెర్షను ముందు తగిలింది, లోడరు దాన్నే ఎక్కించుకుంది. పాతదానిలో ఆ మెథడు పుట్టనే లేదు. జార్ తీసేశారు, ప్రోగ్రాము లేచి కూర్చుంది. పాట్‌లక్‌లో ఒళ్ళు మండించే ప్రశ్న ప్రొడక్షన్‌లో ప్రాణం పోసింది. అందుకే ఆయన్ని ఎవరూ ఏమీ అనలేరు.

అయితే రిఫ్లెక్షన్‌కి ఒక వెలితి ఉంది. మెథడు పేరేమిటో, ఏం పుచ్చుకుంటుందో, ఏమిస్తుందో చెబుతుంది. పిలిస్తే, అంటే ఇన్‌వోక్ చేస్తే, ఏం చేస్తుందో చెప్పదు. సేవ్ అని పేరు పెట్టుకున్న మెథడు లోపల ఉన్నదంతా చెరిపేస్తుండొచ్చు. పైగా జావా కంపైలరుకి పనిగట్టుకుని చెబితే తప్ప పారామీటర్ల పేర్లు మిగలవు, ఆర్గ్‌జీరో, ఆర్గ్‌వన్ అని వస్తాయి. గెట్‌క్లాస్ గారి బుర్రలో మనుషులూ అలాగే మిగిలారు. పేర్లు గుర్తుండవు. ‘ఆ తెనాలి అబ్బాయి’, ‘ఆ గ్రీన్‌కార్డు వచ్చినాయన’, ‘ఆ మూడు కార్ల గరాజు వాళ్ళు’.

పక్కింటాయన్ని ఆ మాత్రంగా కూడా గుర్తుపెట్టుకోలేదు. ఆయన మాట్లాడడు, పాట్‌లక్‌కి రాడు, ఏ ఊరంటే “అటువైపేనండీ” అంటాడు. జాబితా ఖాళీ, పనికొచ్చే మెథడ్లు లేవని ఎప్పుడో తేల్చేశారు. 2024 మే 26, ఆదివారం తెల్లవారకముందే బెంటన్ కౌంటీ మీద టోర్నడోలు పడ్డాయి. కరెంటు పోయింది. గెట్‌క్లాస్ గారి కారు మీద ఓక్ చెట్టు పడుకుంది. ఆయన వాట్సాప్‌లో అందరికీ చెప్పుకున్నారు. ఘనమైన జాబితాలున్న వాళ్ళంతా ‘అయ్యో’ అనీ, దండం పెట్టే బొమ్మలూ పంపారు. దిక్కుతోచక ఫెన్సు మీంచి ఒక కేక వేశారు. పక్కింటాయన రంపం తెచ్చి కొమ్మలు కోసి, జనరేటరు తెచ్చి ఫ్రిజ్ నడిపించి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

రూబీ అనే భాషలో ఇలాంటి వస్తువులుంటాయి. ఏమేం చేయగలవంటే జాబితాలో ఆ పేరు కనబడదు, పిలిస్తే మాత్రం పలుకుతుంది. మెథడ్‌మిస్సింగ్ అని దానికో ఏర్పాటుంది. గెట్‌క్లాస్ గారికి ఆ సంగతి పుస్తకంగా తెలుసు, మనిషిగా అప్పుడు తెలిసింది. ప్రశ్నలు మానలేదు గాని, జాబితా ఒక్కటే చాలదని, పిలిచి చూస్తే గాని మనిషి తెలియడని తీర్మానించారు. అప్పట్నుంచి శనివారం వస్తే చాలు, ఎవరో ఒకరిని కుటుంబ సమేతంగా భోజనానికి పిలుస్తున్నారు.

“మీవారు బాగా మారారండీ” అని మొన్నొకావిడ మెచ్చుకుంటే, గెట్‌క్లాస్ గారి భార్య గారెల పిండి చెయ్యి తుడుచుకుంటూ అన్నారు: “ఏం మారడమండీ! ఇన్‌వోక్ చేసేది ఆయన, రన్ అయ్యేది నేను.”